ఒక్కరూ లింకు నొక్కలేదు

ఆ రోజు ఉదయం జాగ్రత్తమ్మ వేసుకున్న పథకం చాలా సాదాది. కాఫీ చల్లారేలోగా విశ్వవిద్యాలయం మొత్తాన్ని ఒకసారి మోసం చేయాలి. మధ్యాహ్నానికి ఎంతమంది మోసపోయారో లెక్క తేల్చాలి. సాయంత్రం ఆ లెక్క పట్టుకెళ్ళి వైస్ ఛాన్సలర్ గారికి చూపించి, తన ఉద్యోగం ఖాయం చేయించుకోవాలి.

జాగ్రత్తమ్మ అన్నది కన్నవాళ్ళు పెట్టిన పేరు కాదు. సాంకేతిక సేవల విభాగంలో ఈమెయిల్ భద్రత చూసే ఉద్యోగంలో చేరింది మొదలు ఆమె పంపే ప్రతి మెయిలూ "జాగ్రత్త!" అన్న మాటతోనే మొదలయ్యేది. జాగ్రత్త, పాస్‌వర్డు ఎవరికీ చెప్పకండి. జాగ్రత్త, మీరు కొనని టికెట్టుకు లాటరీ తగలదు. జాగ్రత్త, మీ బావమరిది విదేశంలో పర్సు పోగొట్టుకున్నానని మెయిల్ పెడితే ముందు బావమరిదికి ఫోన్ చేయండి. విద్యార్థులు మొదట ఆ పేరు పెట్టారు. తర్వాత ప్రొఫెసర్లు అందుకున్నారు. చివరకు జీతాల విభాగం వాళ్ళు కూడా అలాగే పిలవడంతో ఆమె ఆ పేరుకు అలవాటు పడిపోయింది.

ఉద్యోగం మాత్రం ఇంకా ఆమెకు అలవాటు పడలేదు. కాంట్రాక్టు ఆ నెలాఖరుతో సరి. ఇంట్లో డిగ్రీ చేతికి తెచ్చుకున్న మొదటి మనిషి ఆమె. తండ్రి సిటీ బస్సు డ్రైవరు. కూతురు చేసే పనేమిటో ఆయనకు సగమే అర్థమైంది గానీ, ఆ సగాన్నే డిపో అంతా పంచిపెట్టాడు. "మా అమ్మాయి ఉత్తరాల పోలీసు. దాని కళ్ళుగప్పి ఒక్క దొంగ ఉత్తరం లోపలికి పోదు" అని. ఆ పోలీసు నెలాఖరు వరకే పోలీసన్న సంగతి ఆయన డిపోలో చెప్పలేదు.

దొంగ మెయిల్ మనమే పంపి చూద్దామని ఆమె మొదటిసారి అన్నప్పుడు సాంకేతిక సేవల డైరెక్టరు గారు కుర్చీలోంచి సగం లేచారు. ఆయన మంచివారు. భయమే కాస్త ఎక్కువ. ఫోన్ మోగితే ముందు చెమట తుడుచుకుని తర్వాత ఎత్తే రకం.

"మనమే దొంగలమవ్వడం ఏంటి తల్లీ? ఇది మనకి అవసరమా?"

"నిజం దొంగ పంపేలోపు మనం పంపి చూసుకుంటే మంచిది కదా సార్. ఎవరైనా లింకు నొక్కారనుకోండి, 'మీరు మోసపోయారు' అని పేజీ వస్తుంది. అంతే. వాళ్ళ పేర్లు బయటపెట్టం. పిలిచి మళ్ళీ పాఠం చెప్తాం."

"వీసీ గారు ఏమన్నారో తెలుసుగా. ఈ పరీక్ష లెక్క చూశాకే నీ ఫైలు మీద సంతకం."

"తెలుసు సార్. అందుకే ఒళ్ళు దగ్గర పెట్టుకుని చేస్తా."

"చెయ్యి. కానీ ఎక్కడా నా పేరు రానివ్వకు."

ఎర ఏం వేయాలన్నది ఆమె చాలా రోజులు ఆలోచించింది. బహుమతులంటే ఎవరూ నమ్మరు. జీతం పెరిగిందంటే అసలే నమ్మరు. ఒక ప్రొఫెసరు మనసులో నిజంగా ఏ కోరిక ఉంటుందో కనిపెట్టడానికి ఆమె పెద్దగా తిరగనవసరం లేకపోయింది. లైబ్రరీ వెనక కొత్త భవనం ఒకటి రంగులతో సహా పూర్తయి, తాళం వేసుకుని ఎదురు చూస్తోంది. గదులు ఎవరెవరికి ఇవ్వాలో తేల్చడానికి ఒక కమిటీ వేశారు. మూలన రెండు కిటికీలున్న గది ఒకటుంది. కమిటీ ఎప్పుడు కూర్చున్నా ఆ గది దగ్గరికొచ్చి లేచిపోయేది.

కాబట్టి మెయిల్ ఇలా తయారైంది: "కొత్త భవనంలో గదుల కేటాయింపు నేడే. ముందు వచ్చినవారికి ముందు. మీ గది ఖాయం చేసుకోవడానికి కింది లింకు నొక్కండి. ఆలస్యమైతే మిగిలిన గదులే దక్కును. ఇట్లు, గదుల కేటాయింపు విభాగం." అలాంటి విభాగం ఎక్కడా లేదు. పంపిన చిరునామా చూస్తే ఏదో చెప్పుల దుకాణంలా ఉంది. మొదట్లో "ప్రియమైన వినియోగదారుడా" అని కూడా పెట్టింది. కళ్ళున్నవాడు ఎవడైనా పట్టేసేలా నాలుగు తప్పులు కావాలనే వదిలి, మీట నొక్కి, కాఫీ తెచ్చుకోవడానికి వెళ్ళింది.

తిరిగొచ్చేసరికి తెర మీద లెక్క: సున్నా.

సరే, ఇంకా నిద్ర లేవలేదేమో అనుకుంది. కాఫీ అయిపోయింది. సున్నా. పక్క విభాగం నుంచి ఎవరో ప్రింటరు పనిచేయడం లేదని వచ్చారు, బాగు చేసి పంపింది. సున్నా. ఇంకొకరు వచ్చారు, ప్రింటరులో కాగితాలు అయిపోయాయని. ఈ రోజు అందరికీ ప్రింటరు మీద ఇంత ప్రేమేమిటని ఆమెకు అనుమానం రావలసింది. రాలేదు. సున్నా చూసిన ఆనందంలో ఉంది.

డైరెక్టరు గారైతే చెమట తుడుచుకోవడం కూడా మరిచిపోయారు. "ఒక్కరంటే ఒక్కరు కూడానా? పోయినవారం నువ్వు చెప్పిన క్లాసు మహిమ తల్లీ ఇదంతా! నేను వీసీ గారికి ఫోన్ చేసి చెప్పేస్తున్నా."

"సార్, సాయంత్రం దాకా ఆగుదాం..."

అప్పటికే ఆయన నంబరు నొక్కేశారు. మంచి వార్త చెప్పే అవకాశం ఆయనకు ఏడాదికొకసారి కూడా రాదు.

పోయినవారపు క్లాసు నిజంగానే బాగా జరిగింది. హాలు నిండింది. ఆమె చాలా విషయాలు చెప్పింది. పంపిందెవరో చూడండి, భాష చూడండి, తొందర పెడుతున్నారేమో చూడండి, ఆలోచించండి అని. చివర్లో మాత్రం బల్ల గుద్ది మరీ చెప్పింది: "ఇవన్నీ మరిచిపోయినా ఒక్కటి గుర్తుంచుకోండి. లింకు మాత్రం నొక్కకండి." అందరూ చప్పట్లు కొట్టారు. ఆమె ఏది మరిచిపోయినా ఫరవాలేదందో అదంతా మరిచిపోయి, ఏది గుర్తుంచుకోమందో అదొక్కటే గుర్తుంచుకుని ఇళ్ళకు వెళ్ళారు.

ఆ సంగతి ఆమెకు కిటికీలోంచి తెలిసింది. ముందు ఒక కుర్చీ వెళ్ళింది. కుర్చీ కింద ఒక పరిశోధక విద్యార్థి ఉన్నాడు. దాని వెనక పుస్తకాల అలమర ఒకటి నలుగురి భుజాల మీద పల్లకీలా ఊగుతూ వెళ్ళింది. ఆ వెనక భూగోళం ఒకటి. ఆ వెనక, చేతిలో కాగితం పట్టుకుని, పెళ్ళివారిని నడిపిస్తున్నట్టు చరిత్ర ప్రొఫెసరు.

జాగ్రత్తమ్మ మెట్లు దిగి పరుగెత్తింది.

"సార్! ఏంటి సార్ ఇదంతా?"

"గది మారుతున్నామమ్మాయ్!" చరిత్ర ప్రొఫెసరు ముఖం వెలిగిపోతోంది. ఆయన పాత గది కిటికీ తెరిస్తే మరుగుదొడ్ల గోడ. ఇన్నేళ్ళూ సామ్రాజ్యాల గురించి ఆయన ఆ గోడ వైపు తిరిగే రాశాడు. "గదులు ఇచ్చేస్తున్నారు కదా. ముందు వచ్చినవారికి ముందు."

"ఆ మెయిల్ నమ్మారా మీరు?"

"నమ్మడం కాదు, పాటించాను. అచ్చం నువ్వు చెప్పినట్టే. లింకు ముట్టుకోలేదు. వేలు కూడా అటు పోనివ్వలేదు. ప్రింటు తీయించుకుని నేరుగా వచ్చేశాను. కాగితానికి వైరస్ అంటదుగా?"

జాగ్రత్తమ్మ ఆ కాగితం అందుకుని చూసింది. ఆమె రాసిన మెయిలే. చెప్పుల దుకాణం చిరునామాతో సహా. లింకు మీద మాత్రం ఎర్ర పెన్నుతో ముట్టుకోరాదని గుర్తు పెట్టారు. అన్నిటికీ మించి, కింద గుండ్రంగా ఊదారంగు ముద్ర: "అందినది."

ఆ విశ్వవిద్యాలయంలో ఏ కాగితం ఏ ఆఫీసులోకి వచ్చినా ముందు ఆ ముద్ర పడాల్సిందే. ముద్ర వేసే అటెండరును అందరూ పెద్దన్న అంటారు. చదివి ముద్ర వేయడం ఆయన పని కాదు, ముద్ర వేయడం పని. అందినది అంటే అందింది అని మాత్రమే అర్థం. అయినా ముద్ర పడ్డ కాగితానికి అక్కడ ఎక్కడలేని బరువు వస్తుంది. అది చూపించగానే కొత్త భవనం కాపలాదారు తాళం కూడా తీసేశాడు. పొద్దుటి నుంచి ప్రింటర్ల దగ్గర ఎందుకంత రద్దీగా ఉందో ఆమెకిప్పుడు తెలిసింది.

"సార్, ఇది దొంగ మెయిల్. పరీక్ష కోసం నేనే పంపాను. దయచేసి మీ సామాన్లు వెనక్కి..."

చరిత్ర ప్రొఫెసరు ఆగాడు. కళ్ళజోడు పైకి నెట్టుకుని ఆమెను ఎగాదిగా చూశాడు. "నిన్ను గణితం మేడం పంపించిందా?"

"లేదు సార్!"

"ఆవిడకి ఆ మూల గది మీద కన్నుందని నాకు తెలుసులే. మేం వెనక్కి పోగానే ఆవిడ దూరుతుంది. పైగా తొందర పెడుతున్నావ్. తొందర పెట్టేవాళ్ళని నమ్మొద్దని చెప్పిందెవరు?"

"నేనే సార్."

"మరి?" అన్నాడాయన విజయగర్వంతో. "ఒరేయ్, ఆ భూగోళం జాగ్రత్త!"

ఇలా ఒక్కొక్కరికి చెబుతూ పోతే లాభం లేదని ఆమెకు అర్థమైంది. వెనక్కి పరుగెత్తి, ఊపిరి సర్దుకోకుండానే ఇంకో మెయిల్ రాసింది: "జాగ్రత్త! అత్యవసరం! గదుల కేటాయింపు అంటూ ఉదయం వచ్చిన మెయిల్ నకిలీ. ఎవరూ నమ్మవద్దు. వెంటనే ఎవరి గదులకు వారు వెళ్ళిపోండి." పంపాక గానీ తను ఏం రాసిందో చదువుకోలేదు. అత్యవసరం, వెంటనే, ఆశ్చర్యార్థకాలు. దొంగ మెయిల్ లక్షణాలని క్లాసులో ఆమె బోర్డు మీద రాసినవన్నీ అందులో వరసగా ఉన్నాయి.

అనుమానం వచ్చిన మెయిల్‌ను పట్టివ్వడానికి ప్రతి ఒక్కరి తెర మీదా ఎర్ర బటన్ ఒకటి ఆమే పెట్టించింది. ఎవరూ వాడటం లేదని ఎన్నోసార్లు బాధపడింది కూడా. ఆ రోజు వాడారు. చరిత్ర వాళ్ళు నొక్కారు. గణితం వాళ్ళు నొక్కారు. చేతిలో కుర్చీ ఉన్నవాళ్ళు కుర్చీ దించి, ఫోన్ తీసి మరీ నొక్కారు. ఒకే మనిషి మీద అన్ని ఫిర్యాదులు వచ్చిపడితే యంత్రం ఊరుకోదు. ఊరుకోకుండా ఉండేలా దానికి నేర్పింది కూడా ఆమే.

తెర తెల్లబోయింది. తర్వాత ఒక వాక్యం వచ్చింది. "అనుమానాస్పద ప్రవర్తన కారణంగా మీ ఖాతా నిలిపివేయబడింది. సాంకేతిక సేవల విభాగాన్ని ఫోన్‌లో సంప్రదించండి."

కంగారులో ఆమె సెల్‌ఫోన్ తీసి ఆ నంబరు నొక్కింది. బల్ల మీద ఫోన్ మోగింది. అలవాటు కొద్దీ ఎత్తి, "నమస్తే, సాంకేతిక సేవలండీ, చెప్పండి" అంది. రెండు చెవుల్లోనూ తన గొంతే వినబడ్డాక రెండు ఫోన్లూ మెల్లిగా పెట్టేసింది.

డైరెక్టరు గారి దగ్గరికి వెళ్తే ఆయన విన్నారు, పూర్తిగా విన్నారు, విన్నకొద్దీ కుర్చీలోకి జారిపోయారు.

"సున్నా అని చెప్పేశాను కదమ్మా వీసీ గారికి!"

"సున్నా నిజమే సార్. లింకు ఎవరూ నొక్కలేదు. అందరూ మోసపోయారు, అంతే."

"ఈ రెండూ ఒకే రోజు ఎలా నిజమవుతాయి తల్లీ?"

"నా ఖాతా తెరిపించండి సార్ ముందు."

"మూసిన ఖాతా తెరవాలంటే రిజిస్ట్రార్ గారి అనుమతి కావాలి. ఆ రూలు కూడా నువ్వే పెట్టించావు."

రిజిస్ట్రార్ గారి కోసం ఆమె గేటు దాకా వెళ్ళిందో లేదో తండ్రి ఫోన్ చేశాడు. వెనక బస్సుల చప్పుడు.

"ఏమ్మా, ఇవాళేగా ఖాయం చేసేది? డిపోలో అడుగుతున్నారు."

"మీరు వాళ్ళకి అప్పుడే ఎందుకు చెప్పారు నాన్నా?"

"చెప్పక? మేనేజరు గారు కూడా అడిగాడు, అమ్మాయి ఎంతమంది దొంగల్ని పట్టిందని. ఎంతమందిని పట్టావ్?"

జాగ్రత్తమ్మ కొత్త భవనం వైపు చూసింది. మేడ మీద వరండాలో బీరువాలు బారులు తీరాయి. "అందర్నీ, నాన్నా" అంది.

"శభాష్!" అని ఆయన పెట్టేశాడు.

ఇంతలో భవనంలో అసలు గొడవ మొదలైంది. మూల గదిలో ఒక కిటికీ కింద చరిత్ర ప్రొఫెసరు బల్ల వేశాడు. రెండో కిటికీ కింద గణితం మేడం కుర్చీ వేసుకుని కూర్చుంది. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, ఆయన అప్పటికే తలుపు మీద తన పేరు అతికించాడు. ఆవిడ దాని మీద తన పేరు అతికించింది.

"ముందొచ్చింది నేనండీ!"

"మీరు ముందొచ్చారు, మీ బల్ల తర్వాతొచ్చింది. నా కుర్చీ మీ బల్లకంటే ముందు. లెక్క నాకు చెప్పకండి."

తీర్పు కోసం ఇద్దరూ రిజిస్ట్రార్ గారికి ఫోన్ చేశారు. రిజిస్ట్రార్ గారికి ఈ గదుల సంగతి ఏమీ తెలియదు. అయితే ఆ కుర్చీలో కూర్చున్నప్పటి నుంచి ఆయన "నాకు తెలియదు" అన్న మాట ఒక్కసారి కూడా అనలేదు. అందుకు ఆయన దగ్గర వేరే వాక్యం ఉంది.

"అది నా దృష్టిలో ఉంది" అన్నారు. "వస్తున్నాను."

వచ్చి చూశారు. మెట్ల నిండా అలమరలు, గదుల నిండా ప్రొఫెసర్లు, అందరి చేతుల్లో ముద్రపడ్డ కాగితాలు. ఇంత పెద్ద వ్యవహారం తనకు తెలియకుండా జరిగిందని ఒప్పుకోవడం కంటే, తానే జరిపించానని ఒప్పుకోవడం ఆయనకు సులువనిపించింది. "క్రమశిక్షణగా, క్రమశిక్షణగా" అంటూ చేతులు వెనక్కి కట్టుకుని వరండాలో నడిచారు.

జాగ్రత్తమ్మ ఆయన్ని పట్టుకోవాలని తలుపు దాకా వచ్చింది. కాపలాదారు కర్ర అడ్డం పెట్టాడు.

"కాగితం ఉందా అమ్మా?"

"నేను రిజిస్ట్రార్ గారితో మాట్లాడాలి. ఈ కాగితం రాసిందే నేను!"

"రాస్తే రాశారు. ఉందా?"

లేదు. ఖాతా మూసేశారు కాబట్టి ప్రింటు తీసుకునే దారి కూడా లేదు. ఆ రోజు విశ్వవిద్యాలయంలో ఆ కాగితం లేని ఏకైక ఉద్యోగి ఆమె. కాపలాదారుకు కోపమేమీ లేదు. నీడలో స్టూలు వేసి, మంచినీళ్ళు కూడా ఇచ్చాడు. లోపలికి మాత్రం పోనివ్వలేదు.

వైస్ ఛాన్సలర్ గారి గది ఎదుటి భవనంలో, పై అంతస్తులో. ఆయన మీటింగు మధ్యలో కిటికీలోంచి చూస్తే బల్లలు, కుర్చీలు, ఒక భూగోళం బారుగా పోతున్నాయి. ఆయన రిజిస్ట్రార్ గారికి ఫోన్ చేశారు.

"కింద ఏమిటయ్యా అది?"

"కొత్త భవనం అండీ. మొన్న మీటింగులో తమరే అన్నారు కదా, త్వరగా తేల్చండని."

వీసీ గారు ఒక్క క్షణం ఆలోచించారు. ఆయన ప్రతి మీటింగులో ప్రతి విషయం గురించీ ఆ మాట అంటారు. "ఆఁ, అన్నాను" అన్నారు. "మరి ప్రారంభోత్సవం లేకుండానే వెళ్ళిపోతున్నారేం?"

అరగంటలో రిబ్బను కట్టారు. అప్పటికి లోపల సగం భవనం నిండిపోయింది కాబట్టి, ఉన్నవాళ్ళందరినీ ఒకసారి బయటికి రమ్మని, వీసీ గారు రిబ్బను కత్తిరించాక మళ్ళీ లోపలికి పంపారు. బయటికి వచ్చిన సందులో గణితం మేడం బల్ల రెండో కిటికీ కిందికి చేరిపోయింది. జనంతోపాటు జాగ్రత్తమ్మ కూడా లోపలికి తోసుకుపోయింది. రిబ్బను కత్తిరించాక కాగితం అడగడం బాగుండదని కాపలాదారే కర్ర పక్కన పెట్టేశాడు.

చప్పట్లయ్యాక వీసీ గారు ఆ మూల గదిలోనే కూర్చున్నారు. రిజిస్ట్రార్ గారు, డైరెక్టరు గారు చెరో పక్క. చరిత్ర ప్రొఫెసరు, గణితం మేడం వదలకుండా ఎవరి కిటికీ దగ్గర వాళ్ళు నిలబడ్డారు. వీసీ గారు మంచి ఉత్సాహం మీద ఉన్నారు.

"ఇన్నాళ్ళూ కమిటీ తేల్చలేనిది ఒక్క పూటలో తేలిపోయింది. పైగా మన డైరెక్టరు గారి పరీక్షలో సున్నా! ఒక్కరూ మోసపోలేదట. అన్నట్టు ఆ అమ్మాయి ఫైలు నా దగ్గరుంది. ఈమెయిల్ భద్రతకని కాంట్రాక్టు మీద తీసుకున్నాం కదా. అసలు ఇక్కడ ప్రమాదమే లేనప్పుడు ఆ పోస్టు దేనికి చెప్పండి? పని అంత బాగా చేసింది పాపం. నెలాఖరుకి ఒక మంచి సర్టిఫికెట్టు ఇచ్చి పంపిద్దాం."

డైరెక్టరు గారు తల ఊపారు. అవునని ఊపారో, వణికారో చెప్పడం కష్టం.

గుమ్మం దగ్గర నిలబడ్డ జాగ్రత్తమ్మకు డిపో కళ్ళ ముందు మెదిలింది. తండ్రి, మేనేజరు, శభాష్ అన్న మాట. నోరు మూసుకుంటే మంచి సర్టిఫికెట్టు వస్తుంది. తెరిస్తే అదీ రాదు. అయినా ఆమె ముందుకు వచ్చింది. డైరెక్టరు గారు కళ్ళతో వద్దు వద్దంటూనే ఉన్నారు.

"సార్, ప్రమాదం ఉంది సార్. ఆ పరీక్ష మెయిలూ ఈ గదుల మెయిలూ ఒకటే. నేనే రాశాను. గదుల కేటాయింపు విభాగం అని మనకి లేదు. లింకు ఎవరూ నొక్కలేదు నిజమే. కానీ ఒక్కరు కూడా ఇది అబద్ధమేమో అనుకోలేదు. పొద్దున్న నా బదులు నిజం దొంగ రాసుంటే? మీ పరీక్ష పేపర్లన్నీ ఫలానా గదికి తెచ్చి పెట్టండి అంటే ఈపాటికి తెచ్చి పెట్టేసేవాళ్ళం. తప్పు నాదే సార్. లింకు గురించి గట్టిగా చెప్పి, నమ్మకం గురించి మెత్తగా చెప్పాను."

రిజిస్ట్రార్ గారు కిటికీలోంచి ఆకాశాన్ని పరిశీలించసాగారు.

"ఇది మీ దృష్టిలో ఉందా?" అని అడిగారు వీసీ గారు.

"ఉంది అన్నది... ఒక కోణంలో..." అన్నారు రిజిస్ట్రార్ గారు.

"అంటే ఇప్పుడు నేను దొంగ మెయిల్‌కి రిబ్బను కత్తిరించానా?"

చరిత్ర ప్రొఫెసరు ఒక చెయ్యి కిటికీ చువ్వ మీద వేశాడు. గణితం మేడం రెండు చేతులూ వేసింది.

"చూడమ్మాయ్," అన్నారు వీసీ గారు, "ఈ మెయిల్ దొంగదైతే, నాతో సహా ఈ విశ్వవిద్యాలయంలో ఉన్నవాళ్ళమంతా వెర్రివాళ్ళం. రేపు పేపర్లో కూడా అదే వస్తుంది. పైగా వీళ్ళందరినీ వెనక్కి పంపాలి."

"పోం" అన్నారు చరిత్ర, గణితం ఒకే గొంతుతో. వాళ్ళిద్దరూ ఒక మాట మీద నిలబడటం అదే మొదటిసారి.

"విన్నావుగా. కాబట్టి ఇది దొంగది కాకూడదు. రిజిస్ట్రార్ గారూ, ఒక మెయిల్ అసలుది కావాలంటే ఏముండాలి?"

రిజిస్ట్రార్ గారికి ప్రాణం లేచొచ్చింది. ఇది ఆయనకు తెలిసిన విషయం. "పంపిన విభాగం ఉండాలండి. ఆ విభాగానికి అధికారి ఉండాలి. ఆ అధికారి పర్మనెంటు అయ్యుండాలి. కాంట్రాక్టు మనుషులకి ఉత్తర్వులిచ్చే అధికారం లేదు."

"విభాగం పెట్టడానికి?"

"తమరి సంతకం చాలండి. ఉదయం నుంచే అమల్లోకి వచ్చినట్టు వేసుకోవచ్చు."

"నా పేరు ఎక్కడా..." అని మొదలుపెట్టారు డైరెక్టరు గారు.

"రానివ్వం లెండి" అన్నారు వీసీ గారు.

జాగ్రత్తమ్మ ఇంకా తేరుకోలేదు. "సార్, మరి పరీక్ష? ఈ సున్నా సంగతి?"

"సున్నా సున్నాయే. వచ్చింది అసలు మెయిల్ కదా, ఎవరూ మోసపోలేదు. లెక్క సరిపోయింది" అన్నారు వీసీ గారు. గణితం మేడం కూడా ఒక్క క్షణం ఆలోచించి, సరిపోయిందని ధ్రువీకరించింది.

"కానీ సార్, నాకు గదుల గురించి ఏమీ తెలీదు."

"కమిటీకి మాత్రం ఏం తెలిసిందమ్మా?" అన్నారు వీసీ గారు, పెన్ను మూత తీస్తూ.

సాయంత్రం తండ్రి ఫోన్ చేస్తే ఆమె ఖాయమైందని చెప్పింది. ఆయన సంతోషంలో బస్సు హారన్ మోగించాడు. "పోలీసు ఉద్యోగమేగా?" అన్నాడు. కాదు, ఇప్పుడు గదులు ఇచ్చే ఉద్యోగమని చెప్పింది. డిపోలో ఏమని మార్చి చెప్పాలో ఆయన ఆలోచిస్తున్నట్టుంది. "పోనీలే, ఇచ్చేదే పెద్ద ఉద్యోగం, పట్టుకునేదానికంటే" అన్నాడు చివరికి.

జాగ్రత్తమ్మ ఇప్పుడు గదుల కేటాయింపు విభాగానికి పర్మనెంటు అధికారి. మూల గదిలో మధ్యన అడ్డగోడ కట్టించి, చెరో కిటికీ ఇచ్చి, విభాగం తొలి ఉత్తర్వు కూడా జారీ చేసింది. ఆమె వెళ్ళిపోవడంతో ఈమెయిల్ భద్రతలో ఒక పోస్టు ఖాళీ పడింది. దరఖాస్తు చేసుకోమని డైరెక్టరు గారు అందరికీ మెయిల్ పంపారు గానీ, ఇంతవరకు ఆ మెయిల్‌ను ఎవరూ నమ్మలేదు.